మొసలి నోట్లో ఖడ్గనారాయణ

నేను ఒక జిరాక్స్ పుస్తకాన్ని. అసలు పుస్తకాన్ని కాదండీ, దాని నకలుని. ఈ సంగతి ముందే చెప్పేయడం మేలు. కాసేపు నా కబుర్లు విని, ఆనక ఎవరో చెబితే తెలిసి, "ఓస్, జిరాక్సా!" అని మీరు మొహం తిప్పుకుంటే నాకు చిన్నతనంగా ఉంటుంది.

నేను పుట్టింది విశాఖపట్నంలో, యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న ఓ జిరాక్స్ షాపులో. నన్ను పుట్టించినవాడు ఆ వేళకి ఆకలి మీదున్నాడు. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించి "వచ్చేస్తన్నానే, అన్నం వడ్డించీ" అంటూ రెండో చేత్తో కాగితాలు తిప్పాడు. ఆ హడావుడిలో ఎనభై ఆరో పేజీ తర్వాత కొన్ని కాగితాలు ఒక్కసారే తిరిగిపోయాయి. వాడు చూసుకోలేదు. పైన ఓ ప్లాస్టిక్ అట్ట, కింద ఓ నీలం అట్ట పెట్టి, స్పైరల్ తీగ బిగించి, నన్ను లోకంలోకి తోసి భోజనానికి పోయాడు. మనుషులకి పుట్టుమచ్చ ఉంటుంది. నాకు పుట్టుఖాళీ ఉంది.

నాలో ఉన్నది ఒక ఆట. మైదానంలో ఆడేది కాదు, బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. "మీ ముందు వాగు ఉంది, ఏం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడిగితే "దూకుతాను" అనో, "వంతెన వెతుకుతాను" అనో వీళ్ళు చెప్పాలి. దూకినవాడు ఒడ్డెక్కాడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై పడితే మహారాజు. ఒకటి పడితే వాడి ఖర్మ. ఎవరు ఏం చెయ్యొచ్చు, దెబ్బ తగిలితే ఏమవుతుంది అన్న రూల్సన్నీ నా కడుపులో ఉన్నాయి, ఆ ఎగిరిపోయిన కాగితాల్లోవి తప్ప.

నన్ను జిరాక్స్ తీయించినవాడు పసుపులేటి కిరీటి. అప్పట్లో ఎమ్మెస్సీ చదువుతుండేవాడు. స్నేహితుడి దగ్గర అసలు పుస్తకం ఓ పూటకి అరువు తెచ్చుకుని నన్ను తయారుచేయించాడు. తోటివాళ్ళకి నా ఇంగ్లీషు కొరుకుడు పడకపోతే, పంక్తుల మధ్య పెన్సిలుతో ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగు రాశాడు. హాస్టల్లో నన్ను ఎంతమంది తిరగేశారో చెప్పలేను. పరీక్షల ముందు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు అనుకునేరు, అప్పుడే ఎక్కువ ముట్టుకున్నారు.

చదువైపోయాక కిరీటి నన్ను రేకుపెట్టెలో పడేసి ఉద్యోగాల వెంట తిరిగాడు. ఆ రోజుల్లో వాళ్ళమ్మగారు నన్ను పాత పేపర్ల వాడికి తూకానికి వెయ్యబోయారు. వాడు నన్ను తక్కెడలో పెట్టబోతూ మధ్యకి తెరిచాడు. అక్కడ ఎనిమిది చేతుల రాక్షసుడి బొమ్మ ఉంది. జిరాక్స్‌లో నల్లగా పడటం వల్ల మొహం తెలియదు, చేతులూ ఆయుధాలూ మాత్రం తెలుస్తాయి. వాడు చెప్పులు విప్పి నన్ను కళ్ళకద్దుకున్నాడు. "అమ్మవారి పుస్తకం తూకానికి వేస్తారేంటమ్మా, తప్పు కదా" అని తిరిగిచ్చేశాడు. అలా ఒక రాక్షసుడి దయవల్ల బతికి బట్టకట్టాను.

చివరికి కిరీటి తణుకులో కళ్ళజోళ్ళ షాపు పెట్టాడు. వాళ్ళక్క చక్రవేణిని ఆ ఊళ్ళోనే ఇచ్చారు. బావగారు కొప్పిశెట్టి తాతాజీ. మోటారు పంపులూ, పైపులూ అమ్ముతారు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఓ ఆదివారం కిరీటి సరదాకి నన్ను తెచ్చి బావతో ఆడించాడు. అంతే, ఆ ఆదివారం నుంచి తాతాజీగారి ముందుగదే మా ఆటస్థలం, వాళ్ళ ఫ్రిజ్జు నెత్తిన నా కాపురం.

కథ చెప్పేది కిరీటి. తాతాజీగారి పాత్ర పేరు ఖడ్గనారాయణ. రెండు కత్తులు, ఒక గండ్రగొడ్డలి, వెనకడుగన్నది తెలియని మనిషి. మూడో మనిషి రోజ్‌మేరీగారు, ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆవిడని వైద్యురాలి పాత్ర తీసుకోమని కిరీటి ఎంతో బతిమాలాడు. "వారమంతా చేసేది అదేగా బాబూ, ఆదివారం కూడానా?" అని ఆవిడ దొంగ పాత్ర తీసుకున్నారు. చేతికందినదల్లా మూటగట్టి, గొడవ మొదలయ్యే సమయానికి అవతలి ఒడ్డున ఉంటారు. చక్రవేణి మాత్రం ఆడేది కాదు. పునుగుల పళ్ళెం బల్ల మీద పెట్టి, "ఇంతింత మనుషులు, కత్తులూ కటార్లూ అంటూ... ఎవరైనా వింటే నవ్వుతారు" అని లోపలికి పోయేది.

ఇలా ఏళ్ళు గడిచాక ఓ ఆదివారం ముగ్గురూ కథలో ఒక నది దగ్గరికి వచ్చారు.

"బావా, పక్కనే వంతెన ఉంది. నాలుగడుగులు నడిస్తే చాలు," అన్నాడు కిరీటి.

"ఖడ్గనారాయణ వంతెనల మీద నడవడు. దూకాడు," అన్నారు తాతాజీ.

నీళ్ళలో మొసలి ఉంది. పాచిక వేశారు. అది బల్ల మీద గిరగిరా తిరిగి ఒకటి దగ్గర ఆగింది. కిరీటి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఒకటే.

"మొసలి నడుం దగ్గర పట్టేసింది. పోయావు బావా."

"పోవడమేంటి? ఎక్కడ రాసుంది?"

నన్ను తెరిచారు. ఎనభై ఆరో పేజీ ఆఖరి పంక్తి కింద కిరీటి రాసిన తెలుగు ఇలా ఉంది: 'పాత్రకు ప్రాణం పోయే పరిస్థితి వచ్చినప్పుడు'. తర్వాతి పేజీ మొదటి పంక్తి: 'గాడిదను రోజువారీ అద్దెకు తీసుకోవచ్చు.'

తాతాజీగారు రెండూ కలిపి గొంతెత్తి చదివారు. "పాత్రకు ప్రాణం పోయే పరిస్థితి వచ్చినప్పుడు గాడిదను రోజువారీ అద్దెకు తీసుకోవచ్చు! విన్నావా? నేను పోలేదు. నాకో గాడిదను తెప్పించు."

"బావా, మధ్యలో పేజీలు లేవు."

"నీ పుస్తకంలో పేజీలు లేకపోతే నేను చావాలా?"

ఇన్నేళ్ళూ ఎవరూ చావుదాకా పోలేదు కాబట్టి నా ఖాళీ ఎవరికీ అడ్డు రాలేదు. ఆ వేళ మాట మీద మాట పెరిగింది. చివరికి రోజ్‌మేరీగారు చెయ్యెత్తారు. "ఆస్పత్రిలో చూస్తుంటాం కదండీ. ఇలాంటి కేసుని పోయాడనీ అనం, ఉన్నాడనీ అనం. పరిస్థితి విషమం అంటాం."

ఆ మాట ఇద్దరికీ నచ్చింది. ఆ ఆటకే కొత్త ముద్రణ వచ్చిందనీ, విదేశం నుంచి పోస్టులో తెప్పించుకోవచ్చనీ కిరీటి చెప్పాడు. అందులో ఏముంటే అదే తీర్పని బావా బావమరిదీ చేతిలో చెయ్యి వేసుకున్నారు.

"అందాకా ఖడ్గనారాయణ?" అని అడిగారు తాతాజీ.

"ఉన్నచోటే ఉంటాడు."

"మొసలి నోట్లోనా?"

"మొసలి నోట్లోనే."

నన్ను పక్కన పెట్టుకునే నా సవతికి ఆర్డరు పెట్టారు. నన్ను ఫ్రిజ్జు మీదకి చేర్చారు. నా మీద శుభలేఖలు పడ్డాయి, కరెంటు బిల్లు పడింది, మీద ఎవరో బత్తాయిల సంచి పెట్టారు.

ఇక మొదలైంది ఎదురుచూపు. ఆ పార్సిల్ ఎక్కడుందో ఫోనులో చూపిస్తుందట. తాతాజీగారు నిద్రలేవగానే చూసేవారు, పళ్ళు తోముకుంటూ చూసేవారు, షాపులో బేరం మధ్యలో చూసేవారు. ఓడ దిగిందన్నారు. ముంబై చేరిందన్నారు. ముంబైలోనే చాలా రోజులు కూర్చుంది. "అక్కడెవరో తెరిచి చదువుతున్నారే చక్రం, నాకు తెలుసు. బాగుంది కాబట్టే వదలట్లేదు" అని తేల్చేశారు.

పోస్టుమాన్ నూకరాజు మా వీధి మలుపు తిరగ్గానే ఈయన గేటు దగ్గర ప్రత్యక్షం. కొన్నాళ్ళకి నూకరాజు సైకిలు దిగకుండానే, దూరం నుంచే తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాడు. ఓ రోజు మాత్రం తల ఊపలేదు. దిగాడు. పార్సిల్ ఇచ్చాడు. తాతాజీగారు కత్తెర కోసం ఆగకుండా పళ్ళతో చించారు. లోపల చక్రవేణి తెప్పించుకున్న దుప్పటి ఉంది. మంచి దుప్పటే, నెమళ్ళ డిజైను. ఆయన దాన్ని పట్టుకుని అలా నిలబడి, "కిరీటి కావాలనే చేశాడు" అన్నారు.

ఎదురుచూపుల విసుగులో తప్పెవరిదన్న వాదన మళ్ళీ లేచి, బావా బావమరిదీ అప్పటికే మాటలు మానేశారు. ఏదన్నా అవసరమైతే చక్రవేణి చెవిన వేసేవారు. "మొసలికి ఇంకా ఆకలి తీరలేదేమో మీ తమ్ముణ్ణి అడుగు" అని ఈయన. "వంతెన ఉందని చెప్పానో లేదో బావనే అడగక్కా" అని ఫోనులో కిరీటి. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ముందుగదిలో బల్ల ఖాళీ. రోజ్‌మేరీగారు ఒకసారి వచ్చి, కాసేపు కూర్చుని, దొంగిలించడానికేమీ లేక వెళ్ళిపోయారు.

తాతాజీగారు తిండి తగ్గించారు. అంగుళం పైపు అడిగిన రైతుకి రెండంగుళాలది ఇచ్చి పంపారు. ఓ మధ్యాహ్నం ముద్ద కలిపి అలాగే పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంటే చక్రవేణికి భయం వేసింది.

"ఒంట్లో బాలేదా ఏంటండీ? డాక్టరు దగ్గరికి పోదామా?"

"డాక్టరేం చేస్తాడే? నడుందాకా మొసలి నోట్లో ఉన్నాను."

"అబ్బ! అది మీరు కాదండీ. కాగితం మీద మనిషి."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూలబడ్డారు. గొంతు ఎన్నడూ లేనంత చిన్నదైపోయింది. "షాపులో రోజంతా ఏం మాట్లాడతానో తెలుసా? 'లేదండీ, రేపొస్తుందండీ, ఎల్లుండి రండి, తప్పకుండా వస్తుందండీ.' ఇంతే. ఖడ్గనారాయణ ఏనాడూ ఎవర్నీ ఎల్లుండి రమ్మనలేదు. 'నా వెనక రండి' అన్నాడు. వచ్చారు. వాడు పోతే నాకు మిగిలేది పైపులే."

చక్రవేణి పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి చాలాసేపు పారింది.

పుస్తకం వచ్చింది ఓ మంగళవారం, ఆయన షాపులో ఉండగా. నూకరాజు రెండు చేతులతో పట్టుకుని, గుళ్ళో ప్రసాదం ఇచ్చినట్టు ఇచ్చాడు. "ఇదేనండమ్మా, ఇదే. సారుకి చెప్పండి. ఇక నేను హాయిగా సైకిలు తొక్కుకోవచ్చు." చక్రవేణి సంతకం పెట్టింది. ఫోను తీసింది, మళ్ళీ పెట్టేసింది. ముందు తను చూసి, శుభవార్తయితే తన నోటితోనే చెప్పాలనుకుంది కాబోలు.

అట్టపెట్టె విప్పింది. అబ్బో, ఏం పుస్తకమండీ అది! గట్టి అట్ట, బంగారు అక్షరాలు, నునుపు కాగితం, రంగు బొమ్మలు. దాని రాక్షసుడికి మొహం కూడా ఉంది. చక్రవేణి డిగ్రీ చదివింది గానీ ఈ ఆట ఇంగ్లీషు తలకెక్కలేదు. కాసేపు తిప్పలు పడి, ఫ్రిజ్జు దగ్గరికి వచ్చి, బత్తాయిలు పక్కన పెట్టి నన్ను దింపింది. వంటింటి గట్టు మీద మా ఇద్దర్నీ పక్కపక్కన పరిచింది. అందులో ఒక మాట చూడటం, అదే మాట కింద నాలో కిరీటి పెన్సిలుతో ఏం రాశాడో వెతకడం. ఆ కొత్తది నన్ను పలకరించలేదు. కొత్తది కదా, పోనీలే అనుకున్నాను. కానీ నేను లేనిదే దాన్ని ఆ ఇంట్లో చదివే దిక్కు లేదని మాత్రం దానికి తెలిసింది.

పొయ్యి మీద పప్పు మాడింది. ఆవిడ కట్టేసి మళ్ళీ చదవడానికి కూర్చుంది. వేలు ఒకచోట ఆగింది. పైకే అనుకుంది: "మృగం పట్టబోయినప్పుడు... ఒకటి పడితే... ఆ పాత్ర కథ ముగిసింది. ఆటగాడు కొత్త పాత్రను... తయారుచేసుకోవాలి."

మళ్ళీ చదివింది. అర్థం మారలేదు.

పదిమందిలో పరాచికాలాడే మనిషి, ఆ గట్టు దగ్గర అలా నిలబడిపోయింది. తర్వాత ఒక్కసారిగా కదిలింది. కొత్త పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి, బియ్యం డ్రమ్ము మూత తీసి, అడుగుదాకా దూర్చి, పైన బియ్యం కప్పేసింది. పురుగు పట్టకుండా వేసిన వేపాకులు మళ్ళీ సర్దింది. సముద్రాలు దాటి వచ్చిన బంగారు అక్షరాల పుస్తకం, వేపాకుల కింద! నేను నవ్వకూడదు. నవ్వాను.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే అడిగారు. "ఏమన్నా వచ్చిందా?"

"రాలేదు," అంది చక్రవేణి, అటు తిరిగి.

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మధ్యాహ్నాలు మాత్రం డ్రమ్ములోంచి దాన్ని తీసి, నన్ను దింపి, ఇంకా ముందుకి చదివేది. బతికించే దారి ఏ మూలైనా రాసుందేమోనని. అలా ఆ ఇంట్లో ఆట పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా చదివినది ఒక్క ఆవిడే. ఆడేవాళ్ళెవరూ అంత పని చెయ్యలేదు.

శనివారం తాతాజీగారి ఫోనుకి మెసేజీ వచ్చింది: 'మీ పార్సిల్ అందజేయబడింది.' ఇంకేముంది! ఆయన వీధిలోకి ఉరికారు. ఆ కేకలకి కిరీటి షాపు మూసి వచ్చాడు. డ్యూటీ దిగి అటుగా పోతున్న రోజ్‌మేరీగారూ ఆగారు. నూకరాజుని గేటు దగ్గర పట్టుకున్నారు.

"ఎవరికిచ్చావయ్యా నా పుస్తకం? ఎవడింట్లో పడేశావు?"

"బాబూ, మంగళవారమే ఇచ్చానండి. మీ ఇంట్లోనే ఇచ్చానండి!"

"ఇస్తే ఏదీ? ఇన్నాళ్ళూ తల ఊపుతూ పోతుంటేనే అనుమానం వచ్చింది. పద, మీ ఆఫీసుకే పద. పెద్దాయనతోనే మాట్లాడతాను."

నూకరాజు మొహం పాలిపోయింది. అమ్మగారి పేరు చెప్పాలా వద్దా అని నీళ్ళు నములుతున్నాడు. అప్పుడు లోపల్నుంచి చక్రవేణి గొంతు వినబడింది.

"ఆయన్ని వదలండి. ఇచ్చాడు. నాకే ఇచ్చాడు."

డ్రమ్ములోంచి తీసి పట్టుకొచ్చింది. బల్ల మీద పెడితే సంచి మడతల్లోంచి బియ్యం జలజలా రాలాయి. ఒక పురుగు బంగారు అక్షరాల మీదుగా నింపాదిగా నడుచుకుంటూ పోయింది.

"చదివాను," అంది. "మీరు పోయారండీ. స్పష్టంగా రాసుంది. అన్నం ముందు ఆ మొహం పెట్టుకుని కూర్చునే మనిషికి ఎలా చెప్పను? అందుకే దాచాను." కళ్ళు తుడుచుకుని నూకరాజు వైపు తిరిగింది. "ఏమనుకోకు బాబూ. లోపలికి రా, కాఫీ తాగి వెళ్ళు."

కిరీటి ఆ పేజీ తీసి చదివాడు. రెండోసారి చదివాడు. గెలిచిన మనిషి మొహంలా లేదు.

"బావా... మనం ఆట మొదలెట్టింది పాత పుస్తకంతో. పాత ఆటకి కొత్త రూలేంటి? ఇది చెల్లదు."

"ఎందుకు చెల్లదు?" అన్నారు తాతాజీ. "అందులో ఏముంటే అదే అన్నాం. చేతిలో చెయ్యి వేశాం. నేను పోయాను."

"నువ్వు పోలేదు బావా!"

"పోయానంటుంటే!"

"ఆ గాడిద రూలు ఉండనే ఉంది కదా!"

"గాడిద లేదు, గుర్రం లేదు. మాటంటే మాటే."

ఇన్నాళ్ళూ చంపుతానన్నవాడు బతికిస్తానంటాడు, బతుకుతానన్నవాడు చస్తానంటాడు. మనుషుల్ని నాకన్నా ఎక్కువ పేజీలున్న పుస్తకాలు కూడా అర్థం చేసుకోలేవు. నూకరాజు కాఫీ గ్లాసు పట్టుకుని, ఈ ఇంట్లో ఎవరు పోయారో తెలియక బెంగగా చూస్తున్నాడు.

"ఇద్దరూ ఆగండి," అంది చక్రవేణి. "పక్క పేజీ మీరెవరూ చూడలేదు. నేను చూశాను గానీ, దూకే మనిషి ఎవరున్నారులే అని ఊరుకున్నాను. దగ్గర్లో ఉన్న తోడు మనిషి దూకి లాగొచ్చంట. ఒకే ఒక్క పాచిక. పద్నాలుగో ఆపైనో పడితే ఇద్దరూ ఒడ్డెక్కుతారు. పడకపోతే దూకిన మనిషి కూడా పోయినట్టే."

అందరూ రోజ్‌మేరీగారి వైపు చూశారు. "నేను అవతలి ఒడ్డున మూటతో ఉన్నానండీ," అన్నారావిడ తలొంచుకుని.

"అయితే నేను దూకుతాను."

"నీకు పాత్రే లేదు కదక్కా."

"లేకపోతే రాసుకో. ఇవతలి గట్టున బట్టలుతుక్కునే మనిషి. చేతిలో బట్టలు బాదే కర్ర."

"పేరు?"

"ఇప్పుడు పేరేంట్రా, మనిషి మునిగిపోతుంటే! చక్రవేణి."

పాచిక ఎలా పట్టుకోవాలో కూడా ఆవిడకి తెలియదు. గవ్వలు వేసినట్టు రెండు చేతుల్లో గలగలలాడించి విసిరింది. అది బల్ల దాటి, నేల మీద దొర్లి, దివాన్ కాట్ కిందకి పోయింది. నూకరాజుతో సహా అందరూ మోకాళ్ళ మీద వంగారు. కిరీటి ఫోను లైటు వేశాడు.

నాలుగు.

ఎవరూ లేవలేదు. కాట్ కిందకి చూస్తూ అలాగే ఉండిపోయారు. ముందు నవ్వింది తాతాజీగారు. ఆ పెద్ద గొంతుతో, పొట్ట పట్టుకుని, నేల మీదే కూర్చుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు.

"ఈదడం రాదు కదే నీకు! ఎందుకే దూకావు?"

"మరి మీరొక్కరే పోతారా?" అంది చక్రవేణి. ఆవిడకీ నవ్వాగలేదు. కిరీటి మాత్రం అక్కనీ బావనీ ఒకే మొసలికి అప్పగించిన మనిషిలా గోడకానుకుని కూర్చున్నాడు. తాతాజీగారే లేచి వాడి భుజం తట్టి, "పోనీలేరా, రాత్రికి భోజనానికి ఉండిపో" అన్నారు. ఇన్ని వారాల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. ఆ పూట ఆయన మారు వడ్డించమని రెండుసార్లు అడిగారు.

కొత్త పుస్తకానికి అద్దాల బీరువాలో చోటిచ్చారు. చేతులు కడుక్కుని తుడుచుకుంటే గానీ దాన్ని ముట్టకూడదని తాతాజీగారి శాసనం. అందువల్ల దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోరు. నాకు ఆ మర్యాదలేమీ లేవు. నేనిప్పుడు వంటింట్లో, పోపులపెట్టె పక్కన ఉంటున్నాను. చక్రవేణి ఒక చేత్తో పులుసు కలుపుతూ రెండో చేత్తో నన్ను తిప్పుతుంది. నా పోరాటాల అధ్యాయం మీద నూనె మరక పడింది, మంత్రాల అధ్యాయం ఇంగువ వాసన కొడుతోంది. కిరీటి అక్షరాల పక్కన ఇప్పుడు ఆవిడ అక్షరాలు కూడా ఉన్నాయి, కాస్త వంకరగా, పెద్దగా. నకలుగా పుట్టినదాన్ని. ఇలాంటి పుస్తకం ఇంకొకటి లేదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఆ ఇద్దరూ మొసలి పాలైన మర్నాడు, ఆదివారం, అందరికన్నా ముందు బల్ల దగ్గర కూర్చున్నది చక్రవేణి. పునుగులు కావలసినవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి తెచ్చుకోమంది. ఆలస్యంగా వచ్చినందుకు రోజ్‌మేరీగారిని చివాట్లేసింది. తన కొత్త పాత్రని రాత్రే రాసిపెట్టుకుంది. తాతాజీగారు మాత్రం కొత్త పాత్ర పేరు ఇంకా తేల్చుకోలేక పెన్సిలు కొరుకుతున్నారు. ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని, కొంగు సర్దుకుని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఊఁ, చెప్పు కిరీటీ. మేమిప్పుడు ఎక్కడున్నాం?"